బాలమణక్క నడక

కొత్త పాలితీన్ కవరు విప్పినప్పుడు ఒక చప్పుడు వస్తుంది. చిటపటమని మొదలై, చేత్తో సాపు చేస్తుంటే సరసరమని సాగి, ఆగిపోతుంది. దానితోపాటే వెచ్చగా, కొంచెం కొవ్వొత్తిలాంటి వాసన. సుల్తాన్‌పూర్‌లోని మా కంపెనీలో సెలైన్ ఎక్కించే గొట్టాలను సంచుల్లో పెట్టి సీలు వేస్తాం కాబట్టి ఆ చప్పుడు మాకు రోజంతా ఉండేదే, ఎవరమూ పట్టించుకోం. అయినా పోయిన మంగళవారం పొద్దున అదే చప్పుడు నా చేతుల్లోనే పుట్టి నన్ను నిలబెట్టేసింది. ఒడిశా నుంచి వచ్చిన ఝుమా అనే అమ్మాయి, ఆరో నెల గర్భిణి, మా క్లీన్‌రూమ్ గుమ్మంలో ఉన్న స్టీలు బెంచీ ముందు తొడ మీద చేయి వేసుకుని ఆగిపోయింది. ఏమైందంటే "కుఛ్ నహీ దీదీ" అంది. ఏమీ లేదట! కింది పెదవి పళ్ల మధ్య నలిగిపోతుంటే ఏమీ లేకపోవడమేమిటి? నేను రోల్ నుంచి ఒక పాలితీన్ ముక్క కోసి, ఆ బెంచీ మీద పరిచి, చేత్తో సాపు చేశాను. ఆ సరసర చెవిన పడగానే ఎనిమిదేళ్ల కిందటి ఒక పొద్దు, ఆ పొద్దున నా మీద అరిచిన గొంతు, రెండూ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.

ఆ గొంతు బాలమణక్కది. హత్నూర మనిషి. పొద్దున్నే ఆటోలో సంగారెడ్డి దాకా వచ్చి, పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో మా కంపెనీ బస్సు ఎక్కేది. నా అత్తగారిల్లు పోతిరెడ్డిపల్లిలోనే కాబట్టి నేనూ అక్కడే ఎక్కేదాన్ని. నేను పనిలో చేరేనాటికే ఆమె మా లైనుకు లీడరు. చదివింది ఐదో తరగతి. అంతకుముందు ఏళ్లకేళ్లు పొలాల్లో కూలికి పోయిందట, నాట్లకూ కలుపుకూ. కంపెనీలు వచ్చాక ఊడ్చే పనికి చేరితే, ఆమె చేతి వేగం చూసి ఎవరో ప్యాకింగ్‌లోకి మార్చారట. గొట్టంలో వెంట్రుకంత గీత ఉన్నా సరే, దీపం వెలుతురులో ఒక్కసారి తిప్పి చూసి పక్కన పడేసేది. మిషన్ చూడని తప్పులు కూడా ఆమె చూసేది. నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే అని చెప్పాలని ఉంది గానీ, ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట్లో నాకు కనబడింది ఆమె నడక ఒక్కటే.

ఎడమ కాలు నేలను తాకగానే ఆమె ఒళ్లంతా ఆ వైపుకు ఒరిగేది, మళ్లీ లేచేది. ఎడమ చేయి తనంతట తానే వచ్చి తొడ మీద పడేది. తెల్ల సూటు, ముఖానికి మాస్కు, తలకు టోపీ వేసుకున్నాక లోపల మేమందరం ఒక్కలాగే ఉంటాం. ఎవరు ఎవరో పోల్చుకోలేం. బాలమణక్కను మాత్రం గది ఆ చివర నుంచి కూడా గుర్తుపట్టొచ్చు. ఆ వైపు నుంచి వస్తోందంటే కబుర్లు ఆపి చేతులు ఆడించేవాళ్లం.

నాకు నోటి దురుసు. ఇప్పటికీ ఉంది, దాచుకోను. ఎవరి మాట, ఎవరి నడక అయినా రెండుసార్లు చూస్తే దించేసేదాన్ని. పెళ్లికి ముందు మా ఊళ్లో పెద్దమనుషులందరినీ దించి మా అమ్మ చేత తిట్లు తిన్నదాన్ని, బాలమణక్కను వదులుతానా? ఒకరోజు క్యాంటీన్‌లో అన్నం పళ్లెం చేత్తో పట్టుకుని, ఎడమకు ఒరుగుతూ లేస్తూ, "జల్దీ జల్దీ కానియ్యుండ్రి" అంటూ బల్లల మధ్య ఒక చుట్టు తిరిగాను. అమ్మాయిలు కడుపుబ్బ నవ్వారు. రెండో చుట్టు మొదలుపెట్టేసరికి నవ్వు ఠక్కున ఆగిపోయింది. తిరిగి చూస్తే టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో ఆమె!

"మంచిగనే చేసినవ్ గని, ఎడమ దిక్కు ఇంక జెర ఒరగాలె," అంది తాపీగా. "చెయ్యి గిట్ల తొడ మీద పడాలె. అప్పుడు అచ్చం నేనే."

చెప్పి, వెళ్లి తన చోట కూర్చుని, జొన్నరొట్టె తుంచుకుని తినసాగింది. నాకు తల తీసేసినట్టయింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఆమె నన్ను ఆ సంగతి మీద ఒక్క మాట అనలేదు, పనిలో సతాయించనూ లేదు. అనుంటే బాగుండేది. నేనూ తిరిగి ఒక మాట అనేసి మరిచిపోయేదాన్ని.

మరుసటి ఏడు నేను గర్భవతినయ్యాను. మొదటి నాలుగు నెలలు వాంతులతో గడిచిపోయాయి. అవి తగ్గాయని సంబరపడేలోపు ఐదో నెలలో ఇంకో నొప్పి మొదలైంది. నడుం నొప్పి అనుకున్నాను, కాదు. అది ఇంకా కింద. పొత్తికడుపు అడుగున, ముందువైపు ఎముక ఉంటుంది చూడండి, అక్కడ. కట్టె చీల్చేటప్పుడు మధ్యలో మేకు దిగగొడతారే, అచ్చం అలా. అక్కడి నుంచి తొడ లోపలికి, తుంటి వెనక్కి పాకేది. తిన్నగా నిలబడితే కాస్త ఓర్చుకోగలను. ఒంటికాలి మీద నిలబడినా, కాళ్లు ఎడంగా పెట్టినా, పక్కలో ఇటు నుంచి అటు ఒత్తిగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. సల్వార్ వేసుకోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. బస్సు మెట్టు ఎక్కుతుంటే కళ్లలో నీళ్లు గిర్రున తిరిగేవి.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. అప్పుడు నేను కాంట్రాక్టు మనిషిని. పర్మినెంట్ చేయడానికి మా లైనులోంచి తీసిన పేర్ల లిస్టులో నా పేరు ఎక్కిన సంవత్సరమది. కడుపుతో ఉన్నంత మాత్రాన ఎవరూ తీసేయరు గానీ, లైనులో నిలబడలేకపోతే మా కాంట్రాక్టరు మెత్తగా "కాన్పు అయ్యేదాకా ఇంట్లో రెస్టు తీసుకోమ్మా" అనేవాడు. అలా రెస్టుకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి లిస్టులో పేరు ఉండేది కాదు. ఇద్దరిని నా కళ్లతో చూశాను. ఎనిమిదో నెల దాకా నిలబడి, సెలవు మీద వెళ్తేనే నా చోటు నాకుంటుంది. మా ఆయన పటాన్‌చెరులో పనిచేసే కంపెనీ అప్పటికే ఒకసారి మూతపడి తెరుచుకుంది. మళ్లీ మూతపడితే ఇల్లు నడపడానికి నా పని ఒక్కటే దిక్కు. అందుకని పళ్లు బిగించుకుని, నవ్వుతూ తిరిగాను.

ఇంట్లో మా అత్తమ్మకు మాత్రం కొద్దిగా చెప్పాను. ఆవిడ నన్ను కూతురిలా చూసేది, ఆ మాటలో అబద్ధం లేదు. నెయ్యి వేసి అన్నం కలిపి పెట్టేది, తుంటికి నూనె రాసేది. కానీ ఆవిడ నమ్మకం ఆవిడకుండేది. "గొంతుకూసొని ఇల్లు తుడువు బిడ్డా. ఎముకలు వదులైతయ్, కాన్పు సులువైతది. నేను నలుగురిని గట్లనే కన్న," అనేది. నేను కూడా నమ్మాను. రోజూ బస్సుకు ముందు గొంతుకూర్చుని, బట్ట తడిపి, రెండు గదులూ వరండా తుడిచేదాన్ని. ఎంత తుడిస్తే అంత నొప్పి, ఎంత నొప్పి అయితే అంత బాగా వదులవుతోందని ఇద్దరం అనుకోవడం! తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు ప్రతి పొద్దూ గోడ పట్టుకుని లేస్తూ వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని.

ఆ పొద్దు గురించి చెప్పాలంటే ముందు ఆ బెంచీ గురించి చెప్పాలి. మా క్లీన్‌రూమ్‌కు బయటి దుమ్ము రాకూడదు. అందుకని గుమ్మానికి అడ్డంగా, మోకాలెత్తున, గోడ నుంచి గోడ దాకా స్టీలు బెంచీ ఉంటుంది. ఇవతల మురికి వైపు, అవతల శుభ్రం వైపు. బెంచీ మీద కూర్చుని ఒక కాలికి కవరు తొడిగి అవతల పెట్టాలి, తర్వాత రెండో కాలు. అవతల తెల్ల సూటు నేలకు తగలకుండా ఒంటికాలి మీద నిలబడి వేసుకోవాలి. కుర్ర అమ్మాయిలు కూర్చోరు కూడా, ఒక్క అంగలో దాటేస్తారు. దాని పేరేదో ఇంగ్లీషులో ఉంది గానీ బాలమణక్క దాన్ని "గడప" అనేది, మేమూ అదే అనేవాళ్లం.

ఆరో నెల నడుస్తుండగా ఒక సోమవారం ఆ గడప మీద నేను ఇరుక్కుపోయాను. కుడికాలు అవతల పెట్టాను. ఎడమకాలు ఇవతలే ఉండిపోయింది. ఆ మేకు అడుగు దాకా దిగింది. ముందుకు రాలేను, వెనక్కి పోలేను. గుర్రం మీద కూర్చున్నట్టు బెంచీ మీద కూర్చుండిపోయాను. నా వెనక అమ్మాయిలు బారు కట్టారు.

"ఏంది పిల్లా, గడప మీద కొలువు పెట్టినవా? జెర జల్దీ దిగు!" అని అవతల నుంచి బాలమణక్క అరిచింది.

"అయితలేదక్కా," అన్నాను.

ఆమె ఇంకో మాట అనబోయి ఆగింది. నా ముఖం చూసింది, తర్వాత నా కాళ్లు చూసింది. ఒరుగుతూ లేస్తూ నా దగ్గరికి వచ్చి, నా మోకాలి కింద ఒక చేయి, నడుం వెనక ఒక చేయి వేసి, చంటిపిల్ల కాలు జరిపినంత మెల్లగా ఆ రెండో కాలును అవతలికి చేర్చింది. "ఏం లేదు, కాలు తిమ్మిరెక్కింది. రాండ్రి మీరు," అని బారులో ఉన్నవాళ్లకు చెప్పింది. నా కోసం ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

మధ్యాహ్నం తిండి వేళ నన్ను క్యాంటీన్ వెనక వేపచెట్టు నీడకు తీసుకెళ్లింది. "యాడ నొస్తుంది?" అంది. నేను చేయి ఎత్తేలోపే తన ఒంటి మీదే వేలు పెట్టి చూపించింది. ముందు ఎముక మీద, తొడ లోపల, తుంటి వెనక. "గీడ, గీడ, గీడ. గంతేనా?"

నోరు వెళ్లబెట్టాను. "నీకెట్ల తెలుసక్కా?"

"పక్క మీద అటు ఇటు పొర్లితే ఎముక టిక్కుమంటది. అవునా?"

"అవును."

ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది. తర్వాత చెప్పింది. "నా పెద్దబిడ్డ కడుపుల ఉన్నప్పుడు నాట్ల దినాలు. బురదలకెల్లి కాలు పీకి కాలు పెట్టాలె. ఒక్కొక్క అడుగుకు పానం పొయ్యేది. ఒడ్డు మీద కూసుంటే పనిదొంగ అన్నరు. మా అత్త అన్నది, మా అమ్మ గూడ అన్నది. గంతమంది అంటుంటే నాకు గూడ గట్లనే అనిపించింది, నేనే నకరాలు చేస్తున్ననేమో అని. ఇగ నోరు మూసుకొని వంగిన. కాన్పయి నెల తిరగకముందే మల్ల పొలంల దిగిన. గదిగో, గప్పటిసంది నా నడక గిదే."

"దవాఖానల సూపెట్టుకోలేదా?"

"సూపెట్టుకోవాలని నాకెవ్వరు చెప్పలే బిడ్డా."

క్యాంటీన్‌లో నేను తిరిగిన చుట్టు, ఆ పళ్లెం, ఆ నవ్వులు, అన్నీ నా కళ్ల ముందుకు వచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే పెద్ద భయం ఒకటి నోట్లోంచి బయటపడింది. "అక్కా, నాకు గూడ నీ నడక వస్తదా?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆమె ఏమీ నొచ్చుకోలేదు. నా కళ్లలోకి చూసి, "నేను రానియ్య," అంది. అంతే. "రేపు సెలవు పెట్టు. నేను గూడ పెడుత. సంగారెడ్డి దవాఖానకు పోదాం."

దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ బాగుందని చెప్పి, మమ్మల్ని ఫిజియో మేడం దగ్గరికి పంపింది. ఆ మేడం చిన్నవయసు మనిషి, ఓపిగ్గా చెప్పింది. కాన్పు కోసం కటి ఎముకల కీళ్లు సహజంగానే వదులవుతాయట. కొందరిలో అది సమంగా జరగక ఇలా నొప్పి పుడుతుందట. బిడ్డకు ప్రమాదం లేదు, చాలామందికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది, కానీ ఓర్చుకుని మొండిగా పనిచేస్తే ముదురుతుంది అంది. కాళ్లు ఎడం చేయొద్దు, ఒంటికాలి మీద నిలబడొద్దు, గొంతుకూర్చోవద్దు, కూర్చునే బట్టలు తొడుక్కో, పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో, తుంటి చుట్టూ ఈ బెల్టు కట్టుకో అని వరసగా చెప్పింది. నేను తలాడిస్తున్నాను. బాలమణక్క తలాడించే రకం కాదు.

"గట్ల చెప్తే ఎట్ల మేడం? బస్సెట్ల ఎక్కాలె చెప్పు," అంది. మేడం చెప్పింది, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కాలని. "మంచాన పండి ఎట్ల లేవాలె?" మేడం బల్ల మీద పడుకుని, మోకాళ్లు కలిపి పక్కకు తిరిగి లేచి చూపించింది. "మరి మా గడప ఎట్ల దాటాలె?" అని బెంచీ సంగతంతా వివరించింది. మేడం ఆలోచించి, రెండు మోకాళ్లూ కలిపే ఉంచి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే మొత్తం తిరగగలిగితే మంచిది అంది. లేచి వస్తుంటే ఆ మేడం బాలమణక్క నడక చూసి, "మీకు ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

"నాది పాత సామాను. ముంగట దీనిది సూడు," అని బాలమణక్క నవ్వేసింది. నువ్వూ చూపించుకో అక్కా అని నేను ఆ రోజు గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు. నా నొప్పి తప్ప ఇంకేదీ కనబడని రోజులవి.

తిరిగొస్తూ ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. అత్తమ్మ చాయ్ పెట్టింది. ఇద్దరూ వానల గురించి, పత్తి గురించి మాట్లాడుకున్నారు. వరస కలుపుకుని వదినా అంటే వదినా అనుకున్నారు. మూల బకెట్టు మీద ఆరేసిన తుడిచే బట్ట కనబడగానే బాలమణక్క కప్పు కింద పెట్టింది.

"వదినా, జెర నన్ను సూడు," అని లేచి, గది ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. ఒరిగి, లేచి, ఒరిగి, లేచి. మళ్లీ వెనక్కి నడిచింది. "నేను గూడ గొంతుకూసొని తుడిచిన, నాట్లేసిన, అన్ని చేసిన. నీ కోడలు గిట్ల నడువాలెనా?"

అత్తమ్మ ముఖం పాలిపోయింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఒక కర్రకు బట్ట కట్టి, నిలబడి తనే ఇల్లు తుడుస్తోంది. తన పాత నూలు చీరను గట్టిగా చుట్టచుట్టి, కొసలకు కుట్లు వేసి, "మోకాళ్ల నడుమ పెట్టుకొని పండు" అని నా చేతికిచ్చింది. అది దిండు కంటే బాగా పనిచేసింది.

కంపెనీలో గడప సంగతి రెండు రోజులు బాలమణక్క బుర్రను తొలిచేసింది. స్టీలు మీద సల్వార్ బట్ట పట్టేస్తుంది, మనిషి తిరగదు. మూడో రోజు, సీలు వేసిన సంచుల కట్టను బల్ల మీద పాలితీన్ పరిచి జరుపుతుంటే అది సర్రున జారి కింద పడబోయింది. అంతే, పని ఆపి నిలబడింది. "సంచులే జారుతయి, నువ్వు జారవా?" అంది. సంచులు చేసే పాలితీన్ రోల్‌లోంచి ఒక ముక్క కోసి గడప మీద పరిచి, నన్ను కూర్చోబెట్టి, నా మోకాళ్లు రెండూ కలిపి పట్టుకుని గిర్రున తిప్పింది. చిటపట, సరసర, అవతల వైపు! నొప్పి లేదు. నేను నమ్మలేక ఇంకోసారి తిప్పమన్నాను. నాణ్యత చూసే మేడం ఏమిటిదని అడిగితే, "మన సంచుల పాలితీనే మేడం, లోపల ఉన్నదే ఈడికొచ్చింది. రోజుకొక కొత్త ముక్క, పాతది పారేస్త," అని ఒప్పించింది. తెల్ల సూటు కూడా గోడకు ఆనుకుని అక్కడే కూర్చుని తొడుక్కునేదాన్ని.

ఇక నిలబడడం మిగిలింది. మా లైనులో అందరం నిలబడే పనిచేస్తాం. స్టూలు ఒక్కటే. చివరన దీపం కింద గొట్టాలను చూసే చోట లీడరు కూర్చునే స్టూలు అది. బాలమణక్క దాన్ని నాకు ఇచ్చేసింది. చూసే పని నాకు నేర్పి, నా సీలు వేసే పని తను అందుకుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి సారు ఇదేమి పద్ధతి, నిలబడలేకపోతే ఇంటికి పంపుదామన్నాడు.

"సార్, ఆ పోరి కన్ను మంచిది. నా తర్వాత గొట్టం చూసెటోళ్లు మీకు కావాలెనా వద్దా? నేర్పుతున్న. లైన్ల ఒక్క సంచి తక్కువ పడితే నన్నడుగు," అంది.

"మరి నువ్వు రోజంతా నిలబడతావా?"

"నాకేం సార్, నిలవడుడు అలవాటే నాకు."

అది రెండో అబద్ధం. నాకు తెలుసు. మూడు నెలలు ఆమె నిలబడింది. గంట గడిచేసరికి బరువు కుడికాలి మీదికి మార్చేది, ఇంకో గంటకు స్తంభానికి నడుం ఆనించేది. తిరుగు బస్సులో కూర్చున్నాక ఎడమ తొడను రెండు చేతులతో ఒత్తుకుంటూ కిటికీలోంచి బయటికి చూసేది. ఒకసారి ఉండబట్టలేక లేచి, "అక్కా, జెరసేపు నువ్వు కూసో, నీ కాళ్లు మొక్కుత," అన్నాను. "కూసో తియ్. నువ్వు లేస్తే లోపలున్న మా చిన్న సూపర్‌వైజర్ నన్ను తిడతడు," అంది నా కడుపు వైపు చూసి. ఆ రోజు నుంచి నా కడుపులోని బిడ్డ అందరికీ చిన్న సూపర్‌వైజరే.

ఆ మూడు నెలల్లోనే నాకు పని వచ్చింది. ఏ గొట్టాన్ని ఏ వంపులో పట్టుకుంటే గీత బయటపడుతుందో, కళ్లు అలసిపోయాయని ఎలా తెలుస్తుందో ఆమె చెవిలో గొణుగుతూ నేర్పేది. చింతచిగురు దొరికే రోజుల్లో పప్పు చేసి నా కోసం వేరే డబ్బాలో తెచ్చేది. బస్సు దిగగానే నన్ను ముందు పంపి, తను వెనక ఆగి, "నడువ్, సూస్త," అనేది. గేటు దాకా నేను నడవాలి, ఆమె చూడాలి. ఒకరోజు "మంచిగున్నది", ఒకరోజు "బెల్టు కింద పడ్డది, పైకి కట్టు", ఒకరోజు "ఇయ్యాల ఒరుగుతున్నవ్, ఏం చేసినవ్ నిన్న?" అని నిలదీయడం. పరీక్ష రాసిన పిల్లలా బెదిరిపోయేదాన్ని. ఆ నాలుగు మాటల కోసం పొద్దున లేవగానే ఎదురుచూసేదాన్ని కూడా.

ఎనిమిదో నెల నిండాక సెలవు మీద వెళ్లాను, లిస్టులో పేరుతోనే. ఆడపిల్ల పుట్టింది. నొప్పి ఒక్కసారిగా మాయమైపోలేదు. ఫిజియో మేడం నేర్పిన వ్యాయామాలు చేస్తూ, అత్తమ్మ కాపలాలో, మూడో నెల వచ్చేసరికి ఒకరోజు ఒంటికాలి మీద నిలబడి సల్వార్ వేసుకున్నానని వేసుకున్నాక గుర్తొచ్చింది. ఆ శుభవార్త చెబుదామని ఫోన్ చేస్తే తెలిసింది, బాలమణక్క పని మానేసిందని. కాలు ఇక సహకరించడం లేదట.

ఐదు నెలల పిల్లను చంకనేసుకుని హత్నూర వెళ్లాను. ఆమె ఇంటి ముందు మంచం మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. పిల్లను ఒళ్లో వేసుకుని, "అబ్బో, చిన్న సూపర్‌వైజర్ ఆడమనిషి!" అని మురిసిపోయింది. నేను ఇక ఆపుకోలేక, "నా స్టూలు తోనే గదా అక్కా నీకు గిట్లయింది?" అని అడిగేశాను.

"స్టూలు తోని గాదు, యేండ్ల తోని," అంది. నిజమో, మూడో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత కత్తిపీట పక్కకు జరిపి, "గదంతా ఇడిశిపెట్టు. నడువ్, సూస్త," అంది.

వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. తిరిగి వచ్చాను. ఆమె చెంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ తర్వాత ముఖంలోకి ఒక అల్లరి వచ్చింది. "ఇప్పుడు నా నడక నడువ్," అంది.

"అక్కా!"

"నడువే. క్యాంటీన్ల నడిచినవ్ గద. నడువ్."

తప్పించుకోలేకపోయాను. నడిచాను. ఎడమకాలు ఆనగానే ఒళ్లు ఒరిగింది, చేయి దానంతటదే వచ్చి తొడ మీద పడింది. అప్పట్లో కంటితో చూసి దించాను. ఇప్పుడు ఆ ఒరగడం ఎక్కడి నుంచి పుడుతుందో నా ఎముకకు తెలుసు. ఏ అడుగుకు ఎంత నొప్పిని తప్పించుకోవడానికి ఆ ఒళ్లు అంతంత వంగుతోందో తెలుసు. నాలుగు అడుగులు వేసేసరికి ఏడుపు ముంచుకొచ్చి వాకిట్లోనే నిలబడిపోయాను. ఆమె నవ్వుతోంది.

"ఈపారి మంచిగొచ్చింది. అచ్చం నేనే," అంది. "సాలు బిడ్డా. ఇగ నవ్వులాటకు గూడ గట్ల నడువకు."

బాలమణక్క పోయి రెండేళ్లవుతోంది. ఇప్పుడు ఆ లైనుకు నేను లీడరుని. లైనులో రెండు స్టూళ్లున్నాయి. రెండో దాని కోసం నేను చేసిన కొట్లాట ఇంకోసారి చెబుతాలెండి, నా నోటి దురుసు ఒక్కసారైనా పనికొచ్చింది. నాకు నొప్పి లేకున్నా ఆటో ఎక్కేటప్పుడు నా మోకాళ్లు వాటంతటవే కలుసుకుంటాయి. ఎవరి మాటనైనా దించుతాను, ఎవరి నడకనూ దించను. మంగళవారం ఝుమాను పాలితీన్ మీద కూర్చోబెట్టి, మోకాళ్లు కలిపి, గిర్రున అవతలికి తిప్పాను. నేనూ మొదటిసారి అలాగే చూశానేమో, ఆ అమ్మాయి కళ్లు ఇంతలేసి చేసుకుని ఇంకోసారి తిప్పమంది. రేపు సెలవు పెట్టు, దవాఖానకు పోదాం అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. సాయంత్రం బస్సు ఎక్కడానికి గేటు వైపు వెళ్తుంటే నేను కావాలనే వెనక ఆగాను.

"నడువ్, సూస్త," అన్నాను.

ఆమెకు తెలుగు రాదు. అయినా వెనక్కి తిరిగి నన్ను ఒకసారి చూసి, నడిచింది.